కిటికీ మీది పావురం

ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో నాంపల్లి దవాఖానలో పడివున్న పెంటయ్యకు, మంచం పక్క కిటికీ ఒక్కటే లోకం. రోజూ పొద్దున్నే అక్కడొక పావురం వాలేది.

"మొజంజాహీ మార్కెట్ల పావురాలకు గిన్నేండ్లు జొన్నలేసిన. ఆ పుణ్యం ఊకెనే పోతదా? ఎతుక్కుంట వచ్చింది," అనేవాడు.

కూతురు చంద్రిక తెచ్చిన జొన్నలు కిటికీ గట్టు మీద చల్లి, అది తింటున్నంతసేపూ తన దగ్గు మరిచిపోయేవాడు.

ఆ రోజు డాక్టరు చంద్రికను బయటికి పిలిచాడు. "పావురాల రెట్ట దుమ్ముతోనే మీ నాయన ఊపిరితిత్తులు ఖరాబైనయి. ఇంక వాటిని దగ్గరికి రానియ్యొద్దు."

ఆమె లోపలికొచ్చి, కిటికీ మూసి గడియ పెట్టింది. పావురం అద్దాన్ని ముక్కుతో పొడుస్తోంది.

"జర తెరువు బిడ్డా," అన్నాడు పెంటయ్య. "ఊపిరాడుతలేదు."