ఆస్పత్రి మలుపు సిగ్నల్

"తుప్పు సామాను," అందామె, గోడ నిండా ఉన్న పాత సిగ్నళ్లను చూసి.

పాదచారుల కోసం ఒకప్పుడు ఊరంతా నిలబెట్టిన ఆ దీపాలను ఏళ్ల తరబడి సేకరిస్తున్న పెద్దాయనకు చర్రుమంది. చూస్తానని బతిమాలి వచ్చిన మనిషి అనే మాటేనా అది?

"ఇది చరిత్రమ్మా! అదిగో, ఆస్పత్రి మలుపుది. ఊళ్లో ఆఖరిది."

"కోతలు కొయ్యకండి. ఏ పాత ఇనుప కొట్లోనో కొనుంటారు."

"కొనడమా!" ఆయన గొంతు లేచింది. "కొత్తది పెట్టేవాళ్లు దీన్ని పగలగొట్టేస్తారని, ముందే నా చేతుల్తో ఊడదీశాను. వాళ్లొచ్చేదాకా వారం పాటు ఆ మలుపులో సిగ్నలే లేదు, తెలుసా?"

"ఎప్పుడు?"

"మొన్న ఎండాకాలం, బడులు తెరిచే ముందు."

ఆమె తన ఫోన్ తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన మాటలన్నీ అందులో రికార్డయ్యాయి.

"ఆ వారమే అక్కడ మా నాన్నను కారు గుద్దింది. సిగ్నల్లో ఆగమనే ఎర్రబొమ్మ వెలుగుతుంటే దాటాడని, తప్పంతా ఆయనదేనన్నారు పోలీసులు. అసలక్కడ సిగ్నలే లేదర్రా అని మంచంలోంచి మొత్తుకుంటుంటే మతి పోయిందన్నారు. నేనూ అన్నాను."

ఆమె ఫోన్ తిరిగి చేతిలోకి తీసుకుంది.

"చెప్పులేసుకోండి. స్టేషన్‌కి వెళ్దాం."