తెలుపు ఎవరి కోసం?

"నా మసిగుడ్డ తీశారా?"

"మసిగుడ్డేగా హేమా! పట్టుచీర పోయినట్టు అరుస్తావేంటి?" వెనక వసారాలోంచి కామేష్ అన్నాడు.

"మరి పాలగిన్నె దేంతో దించమంటారు? మీ బ్రష్షుతోనా?"

హేమలత వసారాలోకి వెళ్ళి చెయ్యి చాపింది. గుడ్డ చేతిలో పడింది. టర్పెంటైన్ వాసన గుప్పుమంది. గుడ్డ నిండా తెల్లరంగు.

మట్టిరంగు అయ్యుంటే ఆ తగువు అక్కడితో పోయేది. తెలుపు చూశాక పోలేదు.

కామేష్ అరకు స్టేషన్లో టికెట్లిచ్చే గుమాస్తా. ఈ వానాకాలం నుంచి ఆయిల్ పెయింటింగ్ పట్టుకున్నాడు. ఆదివారాలు ఫల్గుణ మాస్టారి రేకుల షెడ్డులో క్లాసు. మొదట్లో కుండలు, కాఫీ పళ్ళు వేశాడు. ఇప్పుడు మొహాల్లోకి దిగాడు.

మాస్టారు ఈ కొండల మనిషే. ఒకసారి ఇంటికొచ్చి, కాఫీ తాగుతూ పాఠం చెప్పాడు.

"మా మొహాలకి తెలుపు పెద్దగా పట్టదమ్మా. మట్టిరంగు, పసుపు, ఎరుపు, ఓ చుక్క నీలం. తెలుపు ఎక్కువ కలిపితే బూడిద పూసినట్టుంటది."

ఆ మాట హేమలత మనసులో ఉండిపోయింది. మట్టిరంగు ట్యూబు ఇంకా బొద్దుగానే ఉంది. తెల్లది మాత్రం అడుగు నుంచి మూతిదాకా చుట్టుకుపోయింది. చాలక, కత్తెరతో కోసి గీకినట్టు కూడా ఉంది. విశాఖ నుంచి ఇంకోటి తెప్పించుకున్నాడు. అదీ సగానికొచ్చింది.

ఈ ఇంట్లో అంత తెలుపు పట్టే మొహం ఎవరిది?

ఇంట్లో కాదు. బయట ఒకటుంది. సౌందర్యది. టూరిస్టులకి గదులు అద్దెకిచ్చే విశాఖ మనిషి. పాలమీగడ రంగు. ఆమె కూడా అదే క్లాసుకి వెళుతుంది.

ఆ సంగతి మోసుకొచ్చింది అత్తగారు రత్నాలు. శుక్రవారం సంతకి వెళ్ళేది ఆవిడే. హేమలత గడప దాటడం మానేసి చాన్నాళ్ళయింది.

"ఆ తెల్లగుంట మనోడితో ఇకఇకలాడతంది," అంది రత్నాలు, సంచిలోంచి చిక్కుళ్ళు గుమ్మరిస్తూ. "నువ్విలాగ పొయ్యికాడే కూకుంటే ఏటవుద్దో ఆలోసించుకో. బేగి ఎల్లి నువ్వూ ఆ కళాసులో కూకో."

"నేనా? నేనెందుకు అత్తయ్యా?"

"అదేనే నీతోటి. ఎప్పుడూ అదే మాట."

హేమలత చిక్కుళ్ళ పీచు తీయడంలో పడింది. పీచుతో పాటు గింజలూ ఊడొస్తున్నాయి.

నిజానికి మొదట అతను తననే అడిగాడు, కాసేపు కూర్చుంటే నీ బొమ్మ వేస్తానని. "నా మొహమా? బాగానే ఉంది సంబరం. మీ మాస్టారిని కూర్చోబెట్టుకోండి," అంది. ఫొటోకని ఫోన్ ఎత్తితేనే పక్కకి తప్పుకునే మనిషి, గంటల తరబడి కూర్చుంటుందా? అతను మళ్ళీ అడగలేదు. అప్పుడు హాయిగానే అనిపించింది. ఇప్పుడు అదే గుచ్చుకుంటోంది. అడగలేదంటే కూర్చునేవాళ్ళు దొరికారన్నమాట.

పైగా ఈమధ్య చూపుల్లో ఏదో దొంగతనం. తను కూర కలుపుతుంటే గుమ్మానికి ఆనుకుని చూస్తాడు. చటుక్కున తిరిగితే తల దించేస్తాడు. కళ్ళు చికిలించి మరీ చూస్తాడు, బేరం కుదరని వస్తువుని చూసినట్టు.

ఇన్నేళ్ళలో తనని ఒక్క మాట అనలేదు. ఏ మగాడైనా ఎన్నాళ్ళు అనకుండా ఉంటాడు? ఏదో ఒకరోజు వెళ్ళిపోతానంటాడు. ఆ రోజు దగ్గరికొచ్చినట్టే ఉంది.

కాన్వాసుని ఎప్పుడూ గోడవైపు తిప్పి పెడతాడు. అడిగితే, "తడిగా ఉంది, ముట్టుకోకు," అంటాడు.

ఆ పొద్దున అతను డ్యూటీకి వెళ్ళగానే హేమలత వసారాలోకి వెళ్ళింది. చీర కొంగుతో కాన్వాసు అంచు పట్టుకుని ఇటు తిప్పింది.

ఆడమనిషే.

రంగు వేసి, గీకి, మళ్ళీ వేసి, మళ్ళీ గీకాడు. ఎంత తంటాలు పడ్డాడో గీతల్లో తెలుస్తోంది. నచ్చని మనిషి కోసం ఎవరూ అంత అవస్థ పడరు. ఆ మొహం ఎవరిదో పోల్చుకోవడానికి హేమలతకి క్షణం పట్టలేదు. పక్కనున్న పీట మీద అలాగే కూర్చుండిపోయింది. పొయ్యి మీద పప్పు అడుగంటిన వాసన వచ్చాక లేచింది.

మధ్యాహ్నం అతను భోజనానికి వచ్చాడు. ఎప్పుడూ చివర తినే హేమలత, ఇవాళ తనూ కంచం పెట్టుకుని అతనికి ఎదురుగా కూర్చుంది.

"బొమ్మ చూశాను," అంది.

కామేష్ చేతిలో ముద్ద ఆగిపోయింది.

"అయిపోనాదిరా నీ పని," అంది రత్నాలు, పెరుగు గిన్నె తన వైపు లాక్కుంటూ.

"ఎన్నాళ్ళ నుంచి ఇది?"

"దసరా దగ్గర్నుంచి." కామేష్ ముద్ద కంచంలో పెట్టేశాడు. "నువ్వు ఒప్పుకోవని తెలుసు హేమా. అందుకే చాటుగా... నిన్ను బాధపెట్టాలని మాత్రం కాదు."

"ఎవుర్తిరా అది?" అంది రత్నాలు.

హేమలత పప్పుగిన్నె దగ్గరికి జరుపుకుంది.

"పోనీ, మానేస్తాను. ఆ బొమ్మ ఇప్పుడే చింపేస్తాను," అన్నాడు కామేష్, కంచం ముందు నుంచి లేవబోతూ.

"కూర్చోండి. ఏం చెయ్యాలో నేను చెప్తాను."

మాడిన పప్పులోంచి మాడని భాగం చూసి అతనికి వడ్డించింది. గరిటె గిన్నెలో పెట్టి, తల పూర్తిగా ఎత్తింది.

"రేపట్నుంచి పగటి వెలుతుర్లో మీ ఎదురుగా కూర్చుంటాను, నా మొహం మీది బొల్లి మచ్చలు సున్నం చుక్కల్లా కాకుండా చర్మంలా వచ్చేదాకా."