గరిటె పేరు

"ఇక్కడ గీత ఉండకూడదు కదండీ," అంది కంపెనీ నుంచి వచ్చిన పరీక్షకురాలు, కంప్యూటరు తెర మీద నాలుగో గడిని వేలితో చూపిస్తూ.

ప్రొఫెసరు కంగారుగా తెర మీదికి వంగాడు. ఆయన వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డ టెక్నీషియన్‌కి మాత్రం లోపల ప్రాణం లేచొచ్చింది.

ప్రొఫెసరు ల్యాబులో తయారైన, కంపెనీ కొనబోతున్న యాంటీబాడీకి పరీక్ష ఇది. అది మనిషి కిడ్నీలో ఉండే ఒకే ఒక్క ప్రొటీనును పట్టి చూపించాలి. మొదటి మూడు నమూనాల్లో ఆ ప్రొటీను ఉంది కాబట్టి మూడు నల్లగీతలు పడ్డాయి. నాలుగోది, ఆ ప్రొటీను బొత్తిగా లేని కణాలతో చేసే నమూనా. అక్కడా గీత పడిందంటే యాంటీబాడీ అడ్డమైనవాటినల్లా పట్టుకుంటోందని అర్థం.

"మూడు రోజుల్లో ఇది మూడోసారి," అంది పరీక్షకురాలు.

ప్రొఫెసరు గిర్రున టెక్నీషియన్ వైపు తిరిగాడు. "యాంటీబాడీ ఎక్కువ పడిందా?"

"మీరే పోశారు కద సార్."

నిజమే. మొన్న మొదటిసారి తేడా వచ్చినప్పుడే ఆయన యాంటీబాడీ సీసాలన్నీ లాక్కుని తన గదిలో ఫ్రిజ్‌లో పెట్టి తాళం వేసుకున్నాడు. అప్పట్నుంచీ తనే కొలిచాడు, తనే పోశాడు. టెక్నీషియన్‌కి మిగిలింది గొట్టాల్లో నమూనాలు కలిపే చాకిరీ.

అసలు ఆ యాంటీబాడీని పుట్టించింది ఆమె. ఆరేళ్ళు పట్టింది. కన్నతండ్రి పోయినప్పుడు కూడా, పెంచుతున్న కణాలు చచ్చిపోతాయని మూడోరోజుకే పనిలోకి వచ్చేసింది. తీరా దాని మీద పరిశోధన వ్యాసం అచ్చయ్యాక చూస్తే అందులో ఉన్నది ఒక్క పేరే, ఆయనది. ఇదేంటి సార్ అని అడిగితే, "వంట బాగుందని గరిటె పేరు రాస్తారా అమ్మాయ్?" అని పకపకా నవ్వాడు. ఆ నవ్వు రెండేళ్ళుగా ఆమె కడుపులో మండుతూనే ఉంది.

"నువ్వు చెప్పమ్మా. లోపం ఎక్కడుందంటావు?" పరీక్షకురాలు అడిగింది.

"గరిటెకేం తెలుస్తుంది మేడమ్."

ప్రొఫెసరు ముఖం మాడిపోయింది.

పరీక్షకురాలు కాగితం మీద 'పనికిరాదు' అని రాసి సంతకం పెట్టింది. "వ్యాసం వెనక్కి తీసుకోండి. లేకపోతే పత్రికకి మేమే రాయాల్సొస్తుంది. ఈ సీసాలు కూడా ఇవాళే పారేయించండి."

"ఇదంతా నా పేరు మీదుందండీ," అన్నాడాయన, కుర్చీలో కూలబడి.

"అవును సార్. మీ ఒక్కరి పేరు మీదే," అంది టెక్నీషియన్.

ఇద్దరూ వెళ్ళిపోయాక ఆమె, ప్రొఫెసరు బల్ల మీద వదిలేసిన తాళంచెవితో ఫ్రిజ్ తీసి సీసాలన్నీ తెచ్చి ఒక్కొక్కటే చెత్తడబ్బాలో వేసింది. చివరి సీసా దగ్గర చెయ్యి ఆగిపోయింది. కన్నబిడ్డని వదిలేస్తున్నట్టు గుండె పిండేసింది. అయినా వేసేసింది. తర్వాత నాలుగో నమూనా గొట్టం తీసుకుని కుళాయి కింద పెట్టింది.

నేల తుడుస్తున్న ఆయా తలెత్తి చూసింది. "పారేసే గొట్టాన్ని కడుగుతున్నావేంటే తల్లీ? ఎప్పుడూ లేంది."

"ఇదొక్కటీ కడగాలి పిన్నీ."

"అంతగా ఏముంది దాంట్లో?"

ఆ ప్రొటీను ఉన్న మొదటి గొట్టంలోంచి ఆమె తీసి కలిపిన రెండు చుక్కలున్నాయి.