ఎర్ర కారు గొంతు

“తీసెయ్ తమ్మీ. పైపు, ఫిల్టరు, నువ్వు ఎక్కిచ్చిన ట్యూనింగు... అంతా తీసెయ్. కంపెనీ నుంచి ఎట్ల వచ్చిందో అట్ల చేసి ఇయ్యి.”

రాజేశ్వర్ మాట విని వీరేశ్ చేస్తున్న పని ఆపేశాడు. జహీరాబాద్ బైపాస్ పక్కన అతని షెడ్డు ముందు ఎర్ర కారు ఎండలో మెరుస్తోంది. ఎనిమిది సిలిండర్ల అమెరికా బండి. కోహీర్‌లో అల్లం వ్యాపారం చేసే రాజేశ్వర్ ఇష్టపడి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. రెండు నెలల క్రితం దానికి కొత్త ఇన్‌టేక్ బిగించింది వీరేశే. ఇంజన్ ఎక్కువ గాలి పీల్చుకోవడానికి లావుపాటి పైపు, పెద్ద ఫిల్టరు. ఆ గాలికి సరిపడా పెట్రోలు అందేలా ల్యాప్‌టాప్ పెట్టి ట్యూనింగ్. ఆ తర్వాత యాక్సిలరేటర్ తొక్కితే చాలు, రోడ్డవతల టీ కొట్టులో గ్లాసులు గలగలలాడేవి.

“ఇంజన్ ఏమన్న మొరాయించిందా అన్నా?”

“లేదు.”

“పోలీసులు ఆపిన్రా?”

“ఎవలూ ఆపలే.”

“వదినమ్మ వద్దన్నదా?”

“ఆమెకేం లేదు. నువ్వు చేసిన పనిల ఒక్క తప్పు లేదు తమ్మీ. నీకు చేతులెత్తి మొక్కాలె. జర తొందరగ తీసెయ్.”

పనిలో తప్పు లేకపోతే తీసేయడం దేనికి? వీరేశ్‌కు ఏమీ పాలుపోలేదు. ఇలాంటి పనికి అందరూ హైదరాబాద్ పోతారు. జహీరాబాద్‌లోనూ చేసేవాడొకడున్నాడని నలుగురికీ తెలిసింది ఈ కారు వల్లే. దీని చప్పుడు విని బీదర్ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. రేపు తన బండి తీసుకుని వస్తున్నాడు. చేసిన మొదటి పనే విప్పేశాడని తెలిస్తే ఇంకెవరు వస్తారు?

“ఒక్కసారి నాతోని రా అన్నా. ఈ చప్పుడు వినే బీదర్ నుంచి ఒకాయన వస్తుండు. తప్పుంటే నాక్కూడ తెల్వాలె గదా.”

రాజేశ్వర్ కాదనలేదు. వీరేశ్ ల్యాప్‌టాప్ తగిలించి అతని ఒళ్లో పెట్టి, కారును హైవే ఎక్కించాడు. చిరాగ్‌పల్లి దాకా పోయి వచ్చారు. ఎక్కడా వెనకాడలేదు బండి. గేరు మారినప్పుడల్లా గుండెల్లోంచి వచ్చినట్టు ఉరిమింది. తెర మీద గీతలన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. వీరేశ్ ఓరగా చూశాడు. రాజేశ్వర్ కళ్లు మూసుకుని వింటున్నాడు. రెప్పల కింద తడి.

“ఇంత మంచిగుంటే తీసెయ్యమంటవేందన్నా?” షెడ్డు ముందు బండి ఆపి అడిగాడు వీరేశ్. అతనికి ఏడుపొక్కటే తక్కువ.

“చెప్త. ముందు తియ్యి. ఇప్పుడు చెప్పబోతే నా నోట్లకెళ్లి మాట రాదు.”

ఇక చేసేదేమీ లేక వీరేశ్ బానెట్ ఎత్తాడు. ఇంజన్ చల్లబడేదాకా ఆగి, క్లిప్పులు విప్పి, సెన్సార్ వైరు జాగ్రత్తగా ఊడదీసి, పైపు బయటికి లాగాడు. డిక్కీలోంచి కంపెనీ వాళ్ల నల్లటి ఫిల్టరు డబ్బా తెచ్చి దాని చోట కూర్చోబెట్టాడు. మూడు రాత్రులు తిండి మానేసి కుదిర్చిన ట్యూనింగు, ల్యాప్‌టాప్‌లో ఒక్క బటన్‌తో పోయింది. పాత ఫైలు ఎక్కింది. కారు స్టార్ట్ చేశాడు. గొంతు సగానికి సగం దిగిపోయింది.

రాజేశ్వర్ దూరంగా రోడ్డు దాకా నడిచివెళ్లి విన్నాడు. మళ్లీ వచ్చి కారు ముందు గొంతుకూర్చుని విన్నాడు.

“ఇంక జర తగ్గుతదా?”

“ఇంతకంటే తగ్గాలంటే బంద్ చేసుడే అన్నా!” అన్నాడు వీరేశ్ కోపం ఆపుకోలేక.

ఆ మాటకు రాజేశ్వర్ పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే వెనక సీట్లోంచి మిఠాయి డబ్బా తీసి, వీరేశ్ నూనె చేతుల్లోనే పెట్టి, అతన్ని దగ్గరికి లాక్కుని కౌగిలించుకున్నాడు. తెల్ల చొక్కాకు గ్రీజు మరకలైనా పట్టించుకోలేదు.

“బీదరాయన ఎప్పుడొస్తడో చెప్పు. నేనే వచ్చి నీ పనితనం చెప్త. ఫికర్ చెయ్యకు.”

“అది సరే అన్నా. ఇప్పుడన్న చెప్పు. ఎందుకు తీయించినవ్?”

రాజేశ్వర్ ముఖం తుడుచుకున్నాడు.

“మా బిడ్డకు పుట్టినప్పటిసంది చెవులు వినరావు తమ్మీ. నాలుగేండ్లాయె. పిలిస్తే తెల్వది, పటాకులు పేలినా తెల్వది. ఒక్క ఈ బండి మీద చెయ్యి పెడితేనే, ఇంజన్ ఉరుముడు అరచేతికి తాకి నవ్వేది. ఆ నవ్వు కోసమే నీతోని గంత గట్టిగ చేయించిన. పోయిన నెల హైదరాబాద్ దవాఖానల ఆపరేషన్ అయింది. నిన్న చెవి మిషన్ చాలూ చేసిన్రు.”

“ఏమైందన్నా?” వీరేశ్ మిఠాయి డబ్బా పక్కన పెట్టాడు.

“ఇయ్యాల పొద్దుగాల నేను బండి స్టార్ట్ చేస్తే... నా తల్లి రెండు చెవులూ మూసుకున్నది తమ్మీ!”