పైడమ్మ తొలి కొలువు

ఢిల్లేశ్వరి జీడిపప్పు కార్ఖానాలో మొదటిరోజు పని ముగించుకొని ఇంటికొచ్చింది. తండ్రి సింహాద్రి కాళ్లకు నీళ్లందించాడు.

"పనెలాగుందే?" అంది తల్లి పైడమ్మ.

"ముందే చేసినట్టుందమ్మా. ఎర్రమ్మత్త చేతులకి బూడిద రాసింది. అయినా జీడి చిట్లి బొటనేలు కాలింది. సాయంత్రం వానొస్తే, గేటుకాడ నీలంచొక్కా కుర్రోడు గొడుగిచ్చాడు."

సింహాద్రి చేతిలో చెంబు ఆగిపోయింది. ఇవాళ చినుకు పడలేదు. ఎర్రమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆ నీలంచొక్కా తనది.

ఈ రోజుల్లో దగ్గర కూర్చుని పని నేర్పే ఓపిక ఎవరికీ లేదు. పాతవాళ్ల తలలోంచి తొలి కొలువు జ్ఞాపకాన్ని తీసి కొత్తవాళ్లకు ఎక్కించేస్తారు. నిరుడు పైడమ్మ తన జ్ఞాపకాన్ని కార్ఖానాకు ఇచ్చేసింది.

"అలాటోలతో జాగర్తే," అంది పైడమ్మ, తన బొటనవేలి మీది మచ్చ ఎక్కడిదో తెలియక గోక్కుంటూ.

సింహాద్రి వీధిలోకొచ్చాడు. కార్ఖానా నుంచి ఆడపిల్లలు గుంపుగా వస్తున్నారు. కాలని బొటనవేళ్లను అందరూ ఊదుకుంటున్నారు. అతన్ని చూసి ఆగారు. అందరూ ఒకే నవ్వు నవ్వారు.

నిరుటి నుంచి పైడమ్మ ముఖంలో అతనికి కనబడని నవ్వు అది.