కేళీ మొక్క

"ఆ మొక్కను మాత్రం పీకొద్దు నాయనా!"

గట్టు మీంచి కేక వినబడి మునిచంద్ర చెయ్యి ఆగింది. తిరిగి చూస్తే ఎవరో పెద్దావిడ. నూలు చీర, నెత్తిన టోపీ, కాళ్ళకు మోకాళ్ళ దాకా బురద.

అతనికి ఒళ్ళు మండింది.

తడ ఊరి పక్కనున్న ఆ వరి చేను మునిచంద్ర విత్తనాల కోసం వేసింది. తెల్లారితే ఆఫీసరు తనిఖీకి వస్తాడు. విత్తనపు చేలో వేరే తీరుగా పెరిగిన మొక్కను కేళీ అంటారు. అది కనబడితే చేను పనికిరాదని తోసేస్తారు.

బోరులో ఉప్పు నీళ్ళు పడి ఇప్పటికే సగం చేను ఎండిపోయింది. మిగతా సగమన్నా విత్తనానికి పోకపోతే, భూమిని రొయ్యల గుంటలవాళ్ళకి ఇచ్చేయడమే గతి.

ఎండిన మళ్ళ మధ్య ఈ ఒక్క దుబ్బు మాత్రం ఎత్తుగా పెరిగి, ముదురు పచ్చగా నిగనిగలాడుతోంది. ఆఫీసరు కంట పడకుండా ఉంటుందా?

"ఎవురమ్మా మీరు? మా చేన్లో మీకేం పని?"

"చుట్టూ అన్నీ చచ్చిపోతుంటే అదొక్కటే ఎట్లా నిలబడిందో చూడు నాయనా."

"నిలబడింది. అయితే ఏంది?"

"కష్టమొస్తే మొక్కలో నిద్రపోయే జన్యువు ముక్కలు కొన్ని లేస్తాయి. ఉన్న చోటు వదిలి ఇంకో చోటికి దుముకుతాయి. చాలా మొక్కలకి దానివల్ల చెడే జరుగుతుంది. ఎక్కడో ఒకదానికి కలిసొస్తుంది. దీనికి ఉప్పును తట్టుకునే గుణం అట్లా వచ్చిందేమోనని నా ఆశ. గింజ పట్టేదాకా ఉంచు, చాలు."

మునిచంద్ర పకపకా నవ్వాడు.

"కోమలీ, విన్నావా? వరి దుబ్బులో ఏందో దుముకుతాదంట!"

గట్టు మీద గడ్డి కోస్తున్న భార్య కోమలి నవ్వలేదు.

"పెద్దామె అంతగా అడగతా ఉండాది. ఒక్క దుబ్బే కదయ్యా, వదిలేయ్."

"నీకేం తెలుసు? తనిఖీ ముందు రోజే వచ్చి కేళీని ఉంచమంటా ఉండాదంటే, ఈమెను ఎవురు పంపినారో నాకు తెలీదా? మన చేను పోతే పక్కనుండే సుబ్బన్న చేనే కదా విత్తనానికి తీసుకునేది!"

"నన్నెవరూ పంపలేదు నాయనా. నేను..."

"మీరెవురైతే నాకేం!"

కసిగా దుబ్బును పీకి, మట్టి దులిపి, గట్టు మీది బర్రె ముందు పడేశాడు. అప్పుడే పూత పడుతున్న వెన్నులతో సహా బర్రె దాన్ని నమిలి మింగేసింది.

పెద్దావిడ బర్రె వైపే చూస్తూ కాసేపు నిలబడి, మెల్లగా రోడ్డెక్కింది. మంచినీళ్ళన్నా తాగి పొమ్మని కోమలి పిలిచినా వెనక్కి చూడలేదు.

మర్నాడు ఆఫీసరు రఘునాథ్ బండి దిగీ దిగకముందే అడిగాడు.

"యాడుండాది మునిచంద్రా ఆ మొక్క? ముందు అది సూపించు."

"ఏ మొక్క సార్?"

"ఉప్పుకు చావకుండా నిలబడిందే, అది. నిన్న ఒక పెద్దామె మీ చేన్లోంచే నాకు ఫోన్ చేసింది. దొరికింది రఘూ, దొరికింది అని చిన్నపిల్ల మాదిరి ఏడ్చింది."

మునిచంద్ర బర్రె వైపు చూశాడు.

"కేళీ కదా సార్... పీకేసినాను. బర్రె తినేసింది."

రఘునాథ్ గట్టు మీద కూలబడ్డాడు.

"ఎంత పని చేసినావప్పా! దాని గింజలుంటే ఈ ఉప్పు నీళ్ళతోనే నీ చేను పండేదేమో! అట్లాంటి మొక్క కోసం ఆయమ్మ ఎన్నేళ్ళుగా ఈ సముద్రం ఒడ్డంతా తిరగతా ఉండాదో తెలుసా?"

కోమలి నెత్తిన చేతులు పెట్టుకుంది. మునిచంద్ర ఆఫీసరు దగ్గరికొచ్చి అడిగాడు.

"ఎవురు సార్ ఆయమ్మ?"

"నువ్వు ఈ చేన్లో వేసిన వరి కూడా ఒకప్పుడు గూడూరు కాడ ఎవురో పీకబోయిన కేళీనే అప్పా, ఆ రైతును బతిమాలి దాన్ని బతికించి, మనందరికీ విత్తనం చేసిచ్చిన సైంటిస్టు ఆయమ్మే."