ముత్యానికి బెల్లం

కడుపులో పుండ్లకు రోజూ పరగడుపున ఇచ్చే మందును దేవదానం గుర్రం నోటికి అందిస్తుండగా, పరీక్ష ముగించిన పశువుల డాక్టరు ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంక మందొద్దులే అన్నా. బలానికేసే పొడులూ ఆపెయ్."

ఆళ్లగడ్డ పెళ్లి ఊరేగింపుల్లో ఏళ్లు తిరిగిన ముత్యానికి నయమైందనుకుని, దేవదానం భార్య కరుణమ్మ ముఖం విప్పారింది.

"అయితే బెల్లం పెట్టొచ్చా సార్? మీరు మానిపించినప్పటి నుంచి నా కొంగు వాసన చూస్తానే ఉండాది."

"పెట్టమ్మా. ఏది తింటే అది పెట్టు."

ఆమె పరుగున ఇంట్లోకి వెళ్లింది.

"ఎన్నాళ్లుంటాది సార్?" అని దేవదానం అడిగాడు.

బెల్లంతో వచ్చిన కరుణమ్మకు, గుర్రం మెడ కౌగిలించుకుని ఏడుస్తున్న భర్త కనిపించాడు. డాక్టరు ఎందుకు ఒప్పుకున్నాడో అప్పుడర్థమైంది.

ఆమె అరచెయ్యి చాచింది. ముత్యం ఆత్రంగా అందుకుంది.

"నిదానంగా తిను తల్లీ," అంది కరుణమ్మ. "నిదానంగా తిను."